పదహారు వందల మీటర్లు

మా ఊళ్లో నాకు మిగిలిన పరువంతా ఫోటోల మీద ఆధారపడి ఉంది. పదమూడేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, అసలు ఏం పని చేస్తానో అమ్మకి కూడా సరిగ్గా తెలీదు. కానీ ఎవరైనా గవర్నమెంటు ఉద్యోగానికి అప్లై చేస్తుంటే ఫోటోని 20 నుంచి 50 కేబీల మధ్యకీ, సంతకాన్ని 10 నుంచి 20 కేబీల మధ్యకీ దించి పంపేది నేనేనని ఊరంతటికీ తెలుసు. 2023 డిసెంబర్లో మా చిన్నాన్న కూతురు బుజ్జి ఫోన్ చేసింది కూడా అందుకే. కానిస్టేబుల్ జీడీ. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాలన్నిటికీ కలిపి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష.

ఫోటో అయిపోయింది. సంతకం అయిపోయింది. "అన్నయ్యా, ఇంకోటుంది. ఏ ఫోర్స్ ముందు కావాలో వరసగా పెట్టమంటున్నాడు. నాన్న సీఐఎస్ఎఫ్ పెట్టమంటున్నాడు. నేను సీఆర్పీఎఫ్ పెడతానంటున్నాను. నువ్వు చెప్పు" అంది.

నేను రెండు నిమిషాలు నెట్ సరిగ్గా లేనట్టు నటించాను.

ఎందుకు నటించానో చెప్పాలంటే చిన్నాన్న గురించి చెప్పాలి. చిన్నాన్న సీఆర్పీఎఫ్‌లో కానిస్టేబుల్‌గా 1991లో చేరి హెడ్ కానిస్టేబుల్‌గా బయటికొచ్చాడు. ఒకసారి అమెరికాలో ఉన్న మా మేనేజర్ మాటల మధ్యలో మీ ఇంట్లోవాళ్లు ఏం చేస్తారని అడిగితే, తేలిగ్గా అర్థమవుతుంది కదా అని "మా అంకుల్ ఫెడరల్ పోలీస్" అన్నాను. ఆయన ఎఫ్‌బీఐ అనుకుని చాలా గౌరవంగా చూశాడు. నేనూ దిద్దలేదు. నిజానికి మన దగ్గర పోలీసు అనేది రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పద్దు. కేంద్రం తన సాయుధ బలగాల్ని రాష్ట్రాలకి సాయంగా దింపే అధికారం ఏడో షెడ్యూల్లోకి 1976లో, 42వ సవరణతో వచ్చింది. సీఆర్పీఎఫ్ మాత్రం అంతకంటే చాలా పాతది. 1939లో నీముచ్‌లో క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్ అనే పేరుతో సంస్థానాలని అదుపులో పెట్టడానికి పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో పేరు మారింది, పని పెద్దగా మారలేదు. వాళ్లకి స్టేషను ఉండదు. ఎఫ్ఐఆర్ రాయరు. ఎక్కడ గొడవైతే అక్కడికి, ఎక్కడ ఎలక్షన్లయితే అక్కడికి ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్లడమే. ఆ నాలుగు అక్షరాలకీ జవాన్లు చెప్పుకునే అర్థం వేరే ఉంది: చల్తే రహో ప్యారే. నడుస్తూనే ఉండు నాయనా.

చిన్నప్పుడు చిన్నాన్న ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు. బెటాలియన్ నంబరూ, కేరాఫ్ ఫలానా పోస్టాఫీసూ. సెలవుకొచ్చినప్పుడు ఒక్కో పేరు చెప్పేవాడు, నేనూ తర్వాత బుజ్జీ స్కూలు అట్లాసులో వెతికేవాళ్లం. సగం దొరికేవి కావు.

నేను ఇంజనీరింగ్ పూర్తిచేసింది 2009లో. ఆ బ్యాచ్‌లో చదివినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆ సంవత్సరం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. చేతిలో ఆఫర్ లెటరు ఉంది, జాయినింగ్ డేట్ లేదు. నెలకోసారి ఓపిక పట్టమంటూ ఒక ఈమెయిల్. ఊళ్లో "ఇంకా పిలవలేదేటి?" అని అడిగేవాళ్లు పెరుగుతున్నారు. అప్పుడు చిన్నాన్నే ఫోన్లో అన్నాడు, డిగ్రీ ఉంది కదా, ఎస్సై పరీక్ష రాయమని. నాలాగా లాఠీ పట్టుకుని కాదు, భుజం మీద రెండు స్టార్లతో చేరొచ్చని.

విశాఖపట్నంలో పరీక్ష రాశాను. రీజనింగ్, లెక్కలు, జీకే, ఇంగ్లీషు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం చదివిందే కాబట్టి పెద్ద కష్టమనిపించలేదు. రిజల్ట్‌లో నంబరు కనిపించిన రోజు నాకన్నా చిన్నాన్న ఎక్కువ సంతోషపడ్డాడు. 2010 సంక్రాంతికి సెలవు పెట్టి మరీ వచ్చి, ఆరు వారాలు నన్ను తయారుచేశాడు.

మొదటి రోజు వీధి అరుగు మీద నీళ్లు పోసి, తడికాళ్లతో సిమెంటు గచ్చు మీద నడవమన్నాడు. నేను నడిచాను. ఆయన గొంతుక్కూర్చుని ఆ అడుగుల ముద్రల్ని చాలాసేపు చూశాడు. పాదం మధ్యలో వంపు కనపడితే మంచిదే. ముద్ర మొత్తం నిండుగా పడితే చదునుపాదం, మెడికల్‌లో తీసేస్తారు. తర్వాత మడమలు కలిపి నిలబడమని మోకాళ్లు తగులుతున్నాయేమో చూశాడు. పిక్కల మీద నరాలు ఉబ్బాయేమో చూశాడు. గుమ్మానికి ఆనించి పెన్సిల్‌తో గీత గీశాడు: 170 సెంటీమీటర్లు కావాలి, నేను ఒకటిన్నర ఎక్కువే ఉన్నాను. ఛాతీ 80, గాలి పీలిస్తే 85. అమ్మ బట్టలు కొలిచే టేపు తెచ్చి ఇచ్చింది. ఊపిరి బిగబట్టి నిలబడితే ఆయన టేపు బిగించి, "ఇంకా, ఇంకా" అనేవాడు.

నా శరీరాన్ని ఎవరైనా అంత శ్రద్ధగా చదవడం అదే మొదలు. ఆ తర్వాత కూడా ఎవరూ చదవలేదు.

అసలు గండం 1.6 కిలోమీటర్ల పరుగు. ఆరున్నర నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. అది కాక 100 మీటర్లు 16 సెకన్లలో, 3.65 మీటర్ల లాంగ్ జంపు, 1.2 మీటర్ల హై జంపు, 16 పౌన్ల గుండు నాలుగున్నర మీటర్లు విసరడం. ఇవన్నీ వారంలో వచ్చేశాయి. పరుగు మాత్రం మొదటి రోజు తొమ్మిది నిమిషాలు పట్టింది, చివర కాలేజీ గ్రౌండు గోడ పట్టుకుని కక్కుకున్నాను. క్యాంటీన్ నుంచి తెచ్చిన గోధుమరంగు కేన్వాస్ బూట్లు ఇచ్చాడు చిన్నాన్న. ఆయన వెళ్లిపోయే రోజుకి నా టైము 5 నిమిషాల 50 సెకన్లు.

ఏప్రిల్ 6న దంతెవాడ. తాడ్‌మెట్ల దగ్గర 75 మంది సీఆర్పీఎఫ్ జవాన్లూ, ఒక రాష్ట్ర పోలీసూ, మొత్తం 76 మంది. ఒక్క ఉదయంలో. చిన్నాన్న అప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్నాడు. టీవీ 62వ బెటాలియన్ అంటోంది, ఆయనది అది కాదని మాకు తెలుసు. తెలిసినా మా ఇంట్లో ఎవరూ ఆ అంకెని నమ్మలేదు. మూడు రోజులు ఫోన్ కలవలేదు. పిన్ని వంట చేసేది, అందరికీ పెట్టేది, తను తినకుండా ఫోన్ పక్కన కూర్చునేది. ఎనిమిదేళ్ల బుజ్జి "నాన్న ఏ ఊళ్లో ఉన్నాడు?" అని అట్లాసు పట్టుకుని నా వెనకాలే తిరిగింది. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. పిన్నితో రెండు నిమిషాలు మాట్లాడి, నాకిమ్మన్నాడు. "పరుగు ఆపొద్దురా" అన్నాడు. అంతే.

ఆ వేసవిలో హైదరాబాదు శివార్లలో ఒక గ్రౌండులో నాకు దేహదారుఢ్య పరీక్ష. సరిగ్గా నాలుగు రోజుల ముందు కంపెనీ నుంచి జాయినింగ్ మెయిల్ వచ్చింది. ఆగస్టులో చేరమని.

ఎత్తు సరిపోయింది. ఛాతీ సరిపోయింది. 100 మీటర్లు సరిపోయింది. 1.6 కిలోమీటర్లంటే ఆ ట్రాక్ చుట్టూ నాలుగు రౌండ్లు. రెండు రౌండ్లు బాగానే పరిగెత్తాను. నా ముందు నలుగురో ఐదుగురో ఉన్నారంతే. మూడో రౌండు మధ్యలో వేగం తగ్గించాను. కాళ్లు నొప్పెట్టలేదు. ఆయాసం కూడా పెద్దగా లేదు. తగ్గించాను, అంతే. ట్రాక్ లోపలి వైపు నిలబడ్డ హవల్దారు, మీసాలు నెరిసిన మనిషి, నాతో పాటు పది అడుగులు పరిగెత్తుతూ "భాగ్ బేటా, భాగ్! హో జాయేగా!" అని అరిచాడు. నేను పక్క నొప్పి అన్నట్టు డొక్క పట్టుకున్నాను. చివరి రౌండు నడిచాను.

ఇంటికి ఫోన్ చేసి ఆరు నిమిషాల నలభై అని చెప్పాను. పది సెకన్లలో పోయిందని. పది సెకన్లయితే జాలి పుడుతుందని లెక్కేసుకుని చెప్పిన అంకె అది.

ఇన్నేళ్లలో దీనికి మూడు కారణాలు చెప్పుకున్నాను. నాకు నేనే, వేరేవాళ్లు ఎవరూ అడగలేదు కాబట్టి. మొదటిది జీతం. అది అబద్ధం కాదు గానీ, ఎస్సై జీతానికీ ఫ్రెషర్ జీతానికీ అప్పట్లో ప్రాణం పోయేంత తేడా లేదు. రెండోది సాహిత్యం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి చోట ఇది బాగా చెల్లుబాటయ్యే కారణం.

మాది శ్రీకాకుళం జిల్లా. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న చనిపోవడం, ఆ తర్వాత కొండల్లో జరిగిందంతా మేం పాఠాల్లో చదువుకోలేదు. కథల్లో చదివాను. హాస్టల్లో ఒక సీనియర్ పెట్టె నిండా కథల సంపుటాలు ఉండేవి. ఏజెన్సీలోకి దిగిన బలగాల్ని మా ఊరి ముసలాళ్లు ఇప్పటికీ 'సీఆర్పీవోళ్లు' అనే అంటారు. ఆ కథల్లో పోలీసు ఎప్పుడూ జీపులోంచి దిగుతాడు. ఎక్కడ పుట్టాడో, వాళ్లమ్మ ఏం వండేదో కథకి అక్కర్లేదు, దిగితే చాలు. రావిశాస్త్రి 'ఆరు సారా కథల్లో' పోలీసులకి యాసా, ఆకలీ, లెక్కలూ ఉంటాయి. పతంజలి 'ఖాకీవనం' ఆ చొక్కా లోపల్నుంచి చూస్తుంది. ఇద్దరూ మా వైపు వాళ్లే కావడం నాకు గర్వంగా ఉండేది. కానీ వాళ్లిద్దరివీ రాష్ట్ర పోలీసుల లోకాలు. మా చిన్నాన్నలాంటి వాడు, కూడూ భాషా తెలియని అడవిలో, ఎవరి భూమి తగాదానో తుపాకీతో కాపలా కాసేవాడు, నేను చదివినంతలో నాకు కనపడలేదు. ఎక్కడైనా ఉంటే నాకు చెప్పండి, నిజంగా చదవాలనుంది.

సరే, అంత సాహిత్యం చదివినవాణ్ని, రాజ్యం తుపాకీ ఎలా పట్టుకుంటాను? ఇదీ నా రెండో కారణం. చాలా గౌరవప్రదమైనది. ఒకట్రెండు సాహిత్య సమావేశాల తర్వాత టీ తాగుతూ దీన్ని బయటికే చెప్పాను కూడా, "నేను ఎస్సై అవ్వాల్సిన వాణ్ని, కానీ..." అని. వినేవాళ్లు తలూపారు. ఆ తల ఊపుడు కోసం ఇంకోసారి చెప్పాను.

మూడోదే అసలుది. ఆ మూడు రోజుల ఫోను. పిన్ని తినని అన్నం. నాకు భయం వేసింది. ఎదుటి పక్షం న్యాయమైనదా, మన పక్షం న్యాయమైనదా అన్న విచారణ దాకా నేను వెళ్లనే లేదు, కడుపులో భయం వేసి ఆగిపోయాను. తర్వాత పుస్తకాలు తెచ్చి ఆ భయం మీద కప్పాను. చిన్నాన్న అదే భయం పెట్టుకుని ఇంకో ఐదేళ్లు చేశాడు. ఆయనకి కప్పుకోవడానికి పుస్తకాలు లేవు.

అందుకే బుజ్జి "నువ్వు చెప్పు" అన్నప్పుడు నాకు నెట్ పోయింది.

"సీఆర్పీఎఫ్ ఎందుకు?" అని అడిగాను చివరికి.

"నాన్న చెప్పిన ఊళ్లు అట్లాసులో దొరికేవి కాదు కదా. చూడాలనుంది" అంది. కొంచెం ఆగి, "వైజాగ్‌లో కాల్ సెంటర్ వాళ్లు పన్నెండు వేలంటున్నారు. ఇక్కడ మొదలే 21,700. డీఏ వేరే" అంది. మహిళా బెటాలియన్ మొట్టమొదట 1986లోనే పెట్టారని, 2007లో సీఆర్పీఎఫ్ ఆడవాళ్లు ఐక్యరాజ్యసమితి తరఫున లైబీరియాకి కూడా వెళ్లారని నాకు తెలీదు, తనే చెప్పింది. పెన్షన్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. 2004 జనవరి తర్వాత చేరినవాళ్లకి చిన్నాన్నకి వచ్చేలాంటి పాత పెన్షన్ రాదు, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

చిన్నాన్న వాదన వేరు. సీఐఎస్ఎఫ్ అయితే ఎయిర్‌పోర్టులు, స్టీల్ ప్లాంట్లు. కనీసం గోడ ఉంటుంది, గేటు ఉంటుంది. "గేటు కాసుకోవడానికా నేను పరిగెత్తేది?" అంటుంది తను. ఫారంలో సీఆర్పీఎఫ్ మొదట, సీఐఎస్ఎఫ్ రెండు పెట్టాం. పెట్టింది తనే, నేను బటన్ నొక్కాను.

నేను సంక్రాంతికి ఊరెళ్లేసరికి పరీక్షకి నెల రోజులుంది. 2024 నుంచి ఈ పరీక్షని హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నారు. తమిళనాడు, తెలంగాణల నుంచి ఉత్తరాలు వెళ్లాక 2023 ఏప్రిల్లో తీసుకున్న నిర్ణయం అది. గంటలో 80 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. రాత్రిళ్లు తన మాక్ టెస్టులు నేను దిద్దేవాణ్ని. రక్తసంబంధాల లెక్కల్లో ఒక తమాషా గమనించాను. ఇంగ్లీషులో చేసేటప్పుడు 'అంకుల్' దగ్గర ఆగేది. ఏ అంకుల్? అమ్మ వైపా, నాన్న వైపా, పెద్దా, చిన్నా? తెలుగులో చదివితే మేనమామ, చిన్నాన్న అని ప్రశ్నలోనే సగం జవాబు ఉండేది. అంత దానికే మార్కులు పెరిగాయి. మాతృభాషలో పరీక్షల గురించి నేను చదివిన వ్యాసాల్లో ఈ పాయింటు ఎక్కడా లేదు!

అమ్మాయిలకి కూడా 1.6 కిలోమీటర్లే. ఎనిమిదిన్నర నిమిషాలు. ఎత్తు 157. తెల్లవారుజామున ఐదింటికి అదే కాలేజీ గ్రౌండు, మంచులో గోల్‌పోస్టు కూడా కనపడదు. అబ్బాయిలు ఇరవై మంది, అమ్మాయిలు నలుగురు. చిన్నాన్న శాలువా కప్పుకుని, పాత విజిల్ మెడలో వేసుకుని గోడ దగ్గర నిలబడతాడు. ఎవరి పిల్లలన్న లెక్కలేదు, అందరినీ తిడతాడు. నేను ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. భోగి రోజున బుజ్జి టైము 8 నిమిషాల 50 సెకన్లు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. మొహం ముడుచుకుపోయి ఉంది. "అన్నయ్యా, నువ్వెంతలో ఫెయిలయ్యావు?"

"ఆరూ నలభై" అన్నాను అలవాటుగా. పద్నాలుగేళ్లుగా నోట్లో నలిగిన అంకె.

"అంటే పది సెకన్లే. ఇన్నాళ్లు పరిగెత్తి పది సెకన్లతో పోయిందంటే..." అని తను కళ్లు తుడుచుకుంది. అప్పుడర్థమైంది, జాలి కోసం నేను చెప్పిన అంకె ఈ ఇంట్లో ఇంకొకరి భయంగా బతుకుతోందని. చిన్నాన్న పక్కనే భోగిమంటలోకి తాటాకులు విరుస్తున్నాడు. చెప్పేశాను. ఆరూ నలభై కాదని, చివరి రౌండు నడిచానని, ఎంత టైము పట్టిందో చూసుకోనే లేదని. కావాలనే ఆగిపోయానని.

బుజ్జి నన్ను చూసింది, తర్వాత వాళ్ల నాన్నని చూసింది.

చిన్నాన్న తాటాకు విరవడం ఆపలేదు. "తెల్సు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అయిదూ యాభైలో కొట్టీవోడివి ఆరూ నలభై అన్నావు. రెండు నెలల్లో కాళ్లు పాడైపోతాయేటి?" మంటలోకి తోశాడు. "ఆ ఏప్రిల్లో మీ అమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్సింది. ఆడొస్తానంతే రానీ వదినా, రాపోతే ఒగ్గీ అన్నాను. మళ్లీ అడక్కు అన్నాను."

నేను ఏదో అనబోయాను. ఆయన వినలేదు. "బూట్లేవిరా?" అన్నాడు.

"ఏ బూట్లు?"

"నానిచ్చినవి. కొత్తవి. పరిగెత్తనోడివి తిరిగిచ్చీసుంతే మా కంపెనీలో ఎవుడో ఒకడు ఏసుకునీవోడు కదా."

ఆ బూట్లు ఏమయ్యాయో నాకు గుర్తులేదు. హైదరాబాదు హాస్టల్లో వదిలేశాననుకుంటాను.

ఇప్పుడు ఆఫీసులో నేను ఇంటర్వ్యూలు చేస్తాను. నాలుగు రౌండ్లు మా దగ్గరా ఉంటాయి. కుర్రాళ్లు అద్భుతంగా కోడ్ రాస్తారు, తర్వాత మేం ఒక గదిలో కూర్చుని 'టీంకి సరిపోడేమో' అంటాం. ఎందుకు తీసుకోలేదో వాళ్లకి ఎప్పటికీ తెలీదు. మా ఎస్సై సెలెక్షన్లోనూ అప్పట్లో ఇంటర్వ్యూ మార్కులు ఉండేవి, 2016 నుంచి ఇలాంటి కేంద్ర ఉద్యోగాలకి ఇంటర్వ్యూ తీసేశారు. ఇప్పుడు బుజ్జికి ఉన్నవి అంకెలే. 157. ఎనిమిదిన్నర. కళ్లు ఇంత, మోకాళ్ల మధ్య సందు ఇంత. దయలేనివే గానీ, గుమ్మానికి గీత గీసి ముందే చూసుకోవచ్చు. ఆ అంకెలు దాటిన తర్వాత ఆ మనిషిని ఎక్కడికి పంపుతారన్నది వేరే సంగతి. అది ఏ నోటిఫికేషన్లోనూ ఉండదు. దాని గురించి నేనూ చిన్నాన్నా ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు.

రాత పరీక్ష పాసయింది. పరుగు పరీక్షకి వర్షాలు తగ్గాక పిలిచారు. చిన్నాన్న తోడు వెళ్లాడు, గేటు బయటే ఉండిపోవాలి. మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా బుజ్జి ఫోన్. బయటికొచ్చి ఎత్తాను.

"క్వాలిఫై అయ్యానన్నయ్యా! చివర్లో ఊపిరి అందలేదు గానీ అయిపోయింది. నాన్నకి ఇంకా చెప్పలేదు, ఎక్కడో టీ కొట్టు దగ్గర ఉన్నట్టున్నాడు, కనపడట్లేదు." ఆయాసం ఇంకా తగ్గలేదు. తర్వాత ఎత్తు కొలిచారని, మెడికల్‌కి మళ్లీ పిలుస్తారని, ఎవరో ఒడిశా అమ్మాయి తనకి గ్లూకోజు ఇచ్చిందని, అన్నీ కలిపి చెప్పేస్తోంది.

"నా ముందొక అమ్మాయి ఉందన్నయ్యా. మొదట్నుంచీ నాకంటే ముందే. నేను ఆ అమ్మాయి జడ చూసుకుంటూనే పరిగెత్తాను. ఆఖరి రౌండుకి పక్కకెళ్లి కూర్చుండిపోయింది. బాగానే ఉంది, పడిపోలేదు, ఏం లేదు. ఎందుకాగిందో తెలీలేదు. అడుగుదామంటే వెళ్లిపోయింది."

"ఏ ఊరి అమ్మాయో?" అన్నాను.

"తెలీదు. నంబరు మాత్రమే ఉంటుంది కదా వీపు మీద" అంది.